బానిస అని పిలవని బానిసత్వం



"బానిసత్వం రోమ్‌ది, గ్రీసుది, అమెరికాది. మన దేశంలో బానిసలు ఎప్పుడూ లేరు." ఈ మాట మేము ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. ఈ మధ్య జగదల్‌పూర్‌లో మళ్లీ విన్నాం. వక్త మెగస్తనీసును సాక్ష్యానికి పిలిచాడు. భారతీయుల్లో బానిసలు లేరని ఆ గ్రీకు రాయబారి రాశాడట, ఇక వాదన ఎందుకట. చప్పట్లు మోగాయి. సభ ముగిశాక కుర్చీలు మోస్తున్న నలుగురు ఆదివాసీ కుర్రాళ్లను కూలి ఎంత అని అడిగాం. "పిలిచారు, వచ్చాం" అన్నారు. పిలిస్తే ఊరికే రావాలా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మా ప్రశ్నే వాళ్లకు వింతగా తోచింది.

ఆ నవ్వు దగ్గరే ఈ వ్యాసం మొదలవుతుంది. రోమ్ తన బానిసను బానిస అని పిలిచింది. మన దేశం తన బానిసకు సేవకుడని, జీతగాడని, ఇంటి మనిషని, ఊరి ఆనవాయితీ అని పేర్లు పెట్టింది. బానిస అని పిలిస్తే ఏదో ఒకనాడు విడుదల గురించి కూడా మాట్లాడాల్సి వస్తుంది. పిలవకపోతే ఆ బాధే లేదు. ఇదే మా వాదన.

ముందు మెగస్తనీసు సంగతి తేలుద్దాం. ఆయన మాటే నిజమైతే కౌటిల్యుడి పేరున ఉన్న అర్థశాస్త్రంలో దాసుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఎందుకుంది? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం దాసులు ఏడు రకాలని ఎందుకు లెక్కపెట్టింది? యాజ్ఞవల్క్య స్మృతి ఇంకో అడుగు ముందుకేసి, దాస్యం పై వర్ణం నుంచి కింది వర్ణానికే సాగాలి గానీ తలకిందులు కాకూడదని శాసించింది. రోమ్‌లో యుద్ధంలో ఓడితే సేనాపతి కొడుకైనా సంతలో అమ్ముడుపోయేవాడు. ఇక్కడ బానిసత్వానికి కూడా మెట్లు కట్టి, పై మెట్టువాడు కింది మెట్టువాడికి బానిస కాకుండా శాస్త్రం కాపలా కాసింది. బానిసలు లేని దేశానికి ఈ కాపలా దేనికి?

తథాగతుడికి ఈ సంగతి తెలుసు. అస్సలాయన సుత్తంలో ఆ బ్రాహ్మణ యువకుణ్ని ఆయన అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి. యోన, కాంబోజ దేశాల్లో ఉన్నవి రెండే వర్గాలు, యజమాని, దాసుడు. అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు. అలాంటప్పుడు నాలుగు వర్ణాలు పుట్టుకతోనే వచ్చాయని ఎలా చెబుతావు? యోనులంటే గ్రీకులు. గ్రీకుల బానిసత్వం మంచిదని బుద్ధుడు చెప్పలేదు. అది మనుషులు కట్టిన కట్టడమని, మనుషులు కట్టినది మారుతుందని చూపించాడు. మారనిదని మనువాదులు చెప్పుకునేదాన్ని ఆ అద్దంలో నిలబెట్టాడు.

రోమ్ మనకు అంత దూరమూ కాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ కాలపు సముద్ర వ్యాపారం గురించి ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్‌లో మన కోస్తా సన్నబట్టల ప్రస్తావన ఉంది. పడమటి రేవు భరుకచ్ఛలో రాజుల కోసం దిగుమతి చేసే సరుకుల జాబితాలో పాటలు పాడే బాలురు, అంతఃపురాలకు పనికొచ్చే అమ్మాయిలు కూడా ఉన్నారు. సరుకుల జాబితాలో మనుషులు! కొనేవాడు లేని సరుకును ఏ వర్తకుడూ ఓడకెక్కించడు.

ఇక రోమ్‌లో బానిస బతుకు ఎలా ఉండేదో చూద్దాం. వర్రో అనే రోమన్ పండితుడు వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో పనిముట్లను మూడు రకాలుగా విడదీశాడు. మాట్లాడలేని పనిముట్టు బండి. అరకొర గొంతున్న పనిముట్టు ఎద్దు. మాట్లాడే పనిముట్టు బానిస. ముసలి ఎద్దుతో పాటు ముసలి బానిసను, రోగిష్టి బానిసను కూడా అమ్మెయ్యమని పెద్ద కేటో సలహా ఇచ్చాడు. పెద్ద కమతాల్లో బానిసలను నేలమాళిగల్లో సంకెళ్లతో పడుకోబెట్టేవారు. పారిపోయి దొరికినవాడి మెడకు ఇనుప పట్టీ బిగించి, ఇతన్ని ఫలానా యజమానికి అప్పగించండని దాని మీద చెక్కేవారు. క్రీ.శ. 61లో పెడానియస్ సెకుండస్ అనే అధికారిని ఇంటి బానిస ఒకడు చంపితే ఆ ఇంట్లో ఉన్న 400 మంది బానిసలకూ మరణశిక్ష వేశారు. స్పార్టకస్ తిరుగుబాటు ఓడిపోయాక క్రీ.పూ. 71లో కపువా నుంచి రోమ్ దాకా బాట పొడవునా 6,000 మందిని శిలువ వేశారు. ఆ రోమ్‌ను మేము పొగడబోవడం లేదు.

అయితే అదే రోమ్‌లో ఇంకొకటి కూడా ఉంది. న్యాయాధికారి ఎదుట బానిసను కర్రతో తాకి స్వతంత్రుడని ప్రకటించే తంతు ఉంది. విడుదలైనవాడు పెట్టుకునే టోపీ ఉంది. విడుదల మీద ప్రభుత్వం వసూలు చేసే పన్ను కూడా ఉంది, బానిస ఖరీదులో నూటికి 5 వంతులు. పన్ను వేశారంటే అది ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదన్నమాట. రోమన్ పౌరుడు చట్టప్రకారం విడిచిపెట్టిన బానిస తానూ పౌరుడయ్యేవాడు. కవి హొరేస్ తండ్రి అలా విడుదలైనవాడే. తత్వవేత్త ఎపిక్టెటస్ ఒకప్పటి బానిసే.

బాబాసాహెబ్ ఈ పోలికను చాలా లోతుగా చూశారు. రోమన్ బానిసల్లో వైద్యులు, ఉపాధ్యాయులు, గ్రంథాలయాలు చూసుకునేవారు ఉన్నారని చూపి, అంటరానితనం, బానిసత్వం ఈ రెండింటిలో ఏది ఎక్కువ హీనమని అడిగారు. బానిసను డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి వాడు చస్తే యజమానికి నష్టం. అందుకే రోగాలు ముసిరే చిత్తడి నేలల్లోకి బానిసను దింపకుండా కూలివాణ్ని దింపమని వర్రో చెప్పాడు. అంటరానివాడు చస్తే ఎవరికీ నష్టం లేదు. అతని తిండి ఎవరి పూచీ కాదు, అతని చాకిరి మాత్రం అందరి హక్కు. ఎవరి సొత్తూ కానందుకే అతను అందరికీ లోకువయ్యాడు. బాబాసాహెబ్ తేల్చిన సారం ఇది.

ఈ కొలబద్ద పట్టుకుని బస్తర్‌కు రండి. ఆ రాజవంశం ఓరుగల్లు కాకతీయుల నుంచి వచ్చామని చెప్పుకుంటుంది. అంటే అక్కడి చరిత్రలో మన తెలుగువాళ్ల పేరూ కలిసి ఉంది. మనం వెట్టి అన్నదాన్ని అక్కడ బేగార్ అంటారు. అధికారి పర్యటనకు వస్తే సామాను మొయ్యాలి. గుడారానికి కట్టెలు, కోళ్లు, బియ్యం తేవాలి. దారి బాగుచెయ్యాలి. తన పొలం తడి ఆరిపోతున్నా రమ్మంటే వెళ్లాలి. అప్పు తీరేదాకా షావుకారు ఇంట కట్టుబడి ఉండేవాణ్ని కబాడీ అన్నారు. పెళ్లికి తెచ్చిన అప్పుకు తండ్రి కబాడీ అయితే, ఆ పెళ్లిలో పుట్టిన కొడుకు ఆ అప్పుకే వారసుడయ్యేవాడు.

ఆదివాసీలు దీన్ని నోరు మూసుకుని భరించారని అనుకోకండి. 1876లో మురియాలు తిరగబడ్డారు. దివాన్ దౌర్జన్యం, వెట్టి చాకిరి అందుకు కారణాలు. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చెయ్యాలని తలపెట్టింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. కొన్ని ఊళ్లను మాత్రం అడవిలో ఉండనిచ్చారు. ఏ షరతు మీద? అడవి శాఖకు చెట్లు ఉచితంగా కొట్టాలి, దుంగలు ఉచితంగా మొయ్యాలి, కార్చిచ్చు రాకుండా ఉచితంగా కాపలా కాయాలి. వీటికి 'అటవీ గ్రామాలు' అని పేరు పెట్టారు. ఎంత చల్లని పేరు! ఊరంతా బానిసైనా కాగితం మీద ఒక్క బానిసా కనబడడు. రోమన్ యజమాని బానిసకు కనీసం తిండి పెట్టాలి. ఈ యజమాని అదీ పెట్టలేదు. తన తిండి తాను పండించుకుని యజమానికి ఉచితంగా పనిచేసే బానిసను కనిపెట్టిన ఘనత మాత్రం వాళ్లదే.

1899-1900, 1907-08 కరువులు పుండు మీద కారం చల్లాయి. అడవి మొదట రిజర్వు అయిన కాంగేర్ ప్రాంతపు ధుర్వాలు ముందు కదిలారు. మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి కబురుగా నడిచాయి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ లేచింది. సంతలు, షావుకార్ల ఇళ్లు, ఠాణాలు దాడులకు గురయ్యాయి. అణచడానికి సైన్యానికి మూడు నెలలు పట్టింది. నేతానార్ గుండా ధూర్ ఎవరికీ చిక్కలేదు. తర్వాత రిజర్వు చెయ్యాల్సిన అడవిని ముందు అనుకున్నదాంట్లో దాదాపు సగానికి తగ్గించారు. స్పార్టకస్ పేరు తెలిసిన మన పిల్లల్లో గుండా ధూర్ పేరు తెలిసినవాళ్లు ఎందరు? తప్పు పిల్లలది కాదు. స్పార్టకస్‌ది బానిసల తిరుగుబాటని పుస్తకాలు రాశాయి. గుండా ధూర్‌ది 'గిరిజన అలజడి' అని రాశాయి. పేరు మార్చగానే తిరుగుబాటు కారణమే మాయమైంది.

"అక్కడి రాజుకు, ప్రజకు ఉన్న ఆప్యాయత మీకేం తెలుసు? దసరా చూడండి" అనేవాళ్లున్నారు. చూద్దాం. 75 రోజుల బస్తర్ దసరాలో ఏ ఊరు రథం చెయ్యాలో, ఏ ఊరు లాగాలో వంతులున్నాయి. చివర్లో ఒక రాత్రి మాడియాలు రథాన్ని ఎత్తుకుపోయి కుమ్‌డాకోట్‌లో దాస్తారు. రాజు అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి కొత్త బియ్యం తిని రథాన్ని వెనక్కి తెచ్చుకుంటాడు. అందమైన ఆచారమే. రోమ్‌లోనూ ఇలాంటిదే ఉంది. డిసెంబరులో సాటర్నేలియా పండుగ నాడు యజమానులు బానిసలతో కలిసి భోంచేసేవారు, కొన్ని ఇళ్లలో స్వయంగా వడ్డించేవారు కూడా. పండుగ అయిపోయిన మర్నాడు బానిస మళ్లీ బానిసే. ఏడాదికి ఒక్క పూట పక్కన కూర్చున్నంత మాత్రాన మిగిలిన రోజుల లెక్క చెల్లుతుందా? ఆదివాసుల పండుగను మేము తక్కువ చెయ్యడం లేదు. ఆ పండుగను అడ్డం పెట్టుకుని వెట్టిని ఆప్యాయత అనే నోళ్లనే నిలదీస్తున్నాం.

"అదంతా రాజుల కాలం, బ్రిటిష్ కాలం, ఇప్పుడు రాజ్యాంగం ఉంది" అంటారు. ఉంది. బాబాసాహెబ్ ముసాయిదా సంఘం 23వ అధికరణంలో బేగార్ అనే మాటనే ఉంచి దాన్ని నిషేధించింది. దేశం తన బానిసత్వాన్ని దాని సొంత పేరుతో పిలిచిన ఘట్టం అది. ఆయన దీనికోసం ఎప్పటి నుంచో కొట్లాడుతున్నారు. మహర్ వతన్ పేరుతో మహర్లను రాత్రనక పగలనక సర్కారు చాకిరికి కట్టేసిన పద్ధతి మీద 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. రాజ్యాంగం వచ్చాక కూడా పార్లమెంటు కదలడానికి పాతికేళ్లు పట్టింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అందులో నిషేధించిన పద్ధతుల జాబితా చదవండి. భగేలా, జీతా, పాలేరు, వెట్టి. మన తాతలు మోసిన పేర్లే. రోమ్ తన పౌరులకు అప్పు బానిసత్వాన్ని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రద్దు చేసింది. బానిసలే లేరని చెప్పుకునే దేశానికి 1976 దాకా తెల్లవారలేదు.

పేరుకు ఎంత బలం ఉందో ఇంకో సంగతిలో చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో మహారా, మహ్రా అని పిలిపించుకునేవాళ్లు మహర్ల తోబుట్టువులే. ఆ రెండు పేర్లు ఎస్సీ జాబితాలో చేరడానికి 2023 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా అక్షరం తేడాతో హక్కు ఆగిపోయింది. జాబితాలో పేరు లేనివాడి బాధకు ఆఫీసులో ఫైలు ఉండదు.

వెట్టి విషయంలోనూ జరుగుతున్నది ఇదే. చట్టం ప్రకారం వెట్టి నుంచి బయటపడ్డవాడికి విడుదల పత్రం ఇవ్వాలి. అతని అప్పు రద్దవుతుంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. 2016 పథకం ప్రకారం పునరావాసానికి లక్ష నుంచి 3 లక్షల రూపాయల దాకా రావాలి. అందులో ఎక్కువ భాగం మాత్రం యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకున్నా అది బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఆకలి తరిమినా అది బలవంతమే అని కూడా చెప్పింది. "ఇష్టపడే వచ్చారు కదా" అనేవాళ్లకు ఇది జవాబు. ఇంత చట్టం ఉండి కూడా అధికారి ముందు నోట వచ్చే మాట ఒకటే. "మా ప్రాంతంలో వెట్టి లేదు." లేనప్పుడు విడుదల ఎవరికి? పత్రం ఎవరికి? రోమ్ కర్ర తాకించి విడుదల చేసిన మనిషిని మనం మాట మార్చి కట్టేశాం.

ఇప్పుడు మన గుమ్మంలోకి వద్దాం. ఏటా మిరప కోతలకు బీజాపూర్, సుక్మా, దంతెవాడల నుంచి గోదావరి దాటి వేలాది ఆదివాసీలు ములుగు, భద్రాద్రి, ఖమ్మం జిల్లాలకు వస్తున్నారు. వాళ్లందరూ వెట్టివాళ్లేనని మేము అనడం లేదు. చాలామంది కూలి చేసుకుని డబ్బుతో ఇంటికి వెళ్తారు. కానీ మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు లెక్క ఎవరి దగ్గరుంటుంది? కూలి వారం వారం చేతిలో పడుతుందా, కోతలయ్యేదాకా ఆగుతుందా? జ్వరం వచ్చి రెండు రోజులు పడుకుంటే ఆ రోజుల తిండి ఖర్చు ఏ ఖాతాలో పడుతుంది? మధ్యలో వెళ్లిపోతానంటే వెళ్లనిస్తారా? ఈ నాలుగు ప్రశ్నలు అడగండి చాలు. జవాబుకు బదులు నీళ్లు నమిలిన చోట వెట్టి ఉన్నట్టే. 2020 లాక్‌డౌన్‌లో మన మిరప తోటల నుంచి అడవి దారిన ఇంటికి నడిచి వెళ్తూ, ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయిన 12 ఏళ్ల బస్తర్ పాపను ఎలా మర్చిపోతాం? ఆ వయసు పిల్ల బడిలో ఉండాలి. తోటలో ఎందుకుందని దేశం రెండు రోజులు అడిగి ఊరుకుంది.

ఇక్కడ మేము మనవాళ్లనే అడుగుతున్నాం. ఆ తోటల్లో కొన్ని మనవి. కౌలుకు తీసుకున్నవాళ్లలో మన ఉపాసకులున్నారు. "మేమే అప్పుల్లో ఉన్నాం, మాకు యజమానుల పేరెందుకు" అంటారు. కౌలు రైతు కష్టం మాకు తెలుసు. మా ఇళ్లలోనే ఉంది. కానీ మన మెడ మీద ఉన్న కాడిని ఇంకొకరి మెడ మీదికి జరపడం విముక్తి కాదు. బుద్ధుడు ఉపాసకుడికి వద్దన్న అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటి, మనుషులను అమ్మడమూ అందులోకే వస్తుంది. తలకు ఇంత అని మేస్త్రీ చేతిలో డబ్బు పెట్టి మనుషులను దింపుకోవడం దానికి ఎంత దూరం? పనివాడికి బలానికి తగిన పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, వేళకు విశ్రాంతి ఇవ్వాలని సిగాలోవాద సుత్తం చెబుతుంది. ఇది విహారంలో వల్లించి ఇంటికి వచ్చాక మర్చిపోయే పాఠం కాదు. తోటలో అమలు చెయ్యాల్సిన పద్దు.

మన చరిత్రను కూడా కప్పిపుచ్చకుండా చెప్పుకుందాం. దాసుడికీ, అప్పు తీరనివాడికీ ప్రవ్రజ్య ఇవ్వకూడదనే నియమం వినయంలో చేరింది. సంఘం తలుపు దగ్గర కూడా యజమాని హక్కు నిలబడింది. అదే సమయంలో, దాసుడొకడు భిక్షువైతే వాణ్ని మళ్లీ దాస్యానికి రమ్మంటావా అని సామఞ్ఞఫల సుత్తంలో బుద్ధుడు అడిగితే, లేదు, నేనే లేచి నమస్కరిస్తానని అజాతశత్రువు ఒప్పుకున్నాడు. అనాథపిండికుడి ఇంటి దాసి పున్న చలిలో నీళ్లు మోస్తూ, నదీస్నానంతో పాపం పోతుందన్న బ్రాహ్మణుణ్ని ప్రశ్నలతో నిలబెట్టి, తర్వాత థేరి అయింది. రాజులతో ఘర్షణ లేకుండా సంఘం నడవడానికి ఆ నియమం చేరి ఉండవచ్చు. మనకిప్పుడు ఆ సాకు లేదు. మన చేతిలో రాజ్యాంగం ఉంది. 1956లో నాగపూర్ దీక్షాభూమిలో సమానత్వాన్ని స్థాపించడానికి పాటుపడతామని ప్రతిజ్ఞ చేసినవాళ్ల పిల్లలం మనం. తలుపు తియ్యాల్సింది మనమే.

ఏం చెయ్యాలి? పెద్ద మాటలు వద్దు. వెట్టి చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ, ప్రతి సబ్ డివిజన్‌కూ నిఘా సంఘం ఉండాలి. అందులో అక్కడే నివసించే ఎస్సీ, ఎస్టీ సభ్యులు ముగ్గురు ఉండాలి. మీ సంఘం ఉందా, ఆ ముగ్గురు ఎవరు అని కలెక్టరును, ఆర్డీవోను రాతపూర్వకంగా అడగండి. ఖాళీ ఉంటే మన విహారాల నుంచి, కోయ సోదరుల నుంచి పేర్లు పంపండి. కోతల కాలంలో విహారం నుంచి ఇద్దరిద్దరు తోటలకు వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి. వాళ్ల భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. కూలి లెక్క రాసిన కాగితం కూలివాడి చేతిలో ఉండేలా చూడండి. కట్టుబడి పనిచేస్తున్న మనిషి కనబడితే విడుదల పత్రం కోసం ఫిర్యాదు రాయండి. అందులో 'వెట్టి' అనే మాటనే రాయండి. 'కూలి వివాదం' అని రాయకండి, రాయనివ్వకండి. మనవాళ్ల తోట అయినా సరే రాయండి. ముందు మనవాళ్ల తోటకే వెళ్లండి.

కొండగావ్ జిల్లా భోంగాపాల్‌లో పాత ఇటుకల చైత్యం ఉంది, అక్కడ ఒక బుద్ధుడి విగ్రహం ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇవాళ్టికీ ఆ విగ్రహానికి మొక్కుతారు. బస్తర్ మనిషి బుద్ధుణ్ని తన ఊళ్లో ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టుకున్నాడు. అదే మనిషి మన ఊరి తోటకు వచ్చినప్పుడు మనం అతన్ని ఎలా నిలబెడుతున్నాం? "పిలిచారు, వచ్చాం" అని కాకుండా, "పని చేశాం, ఇదిగో మా కూలి" అని అతను చెప్పగలిగిన రోజున మన ధమ్మం ఆ తోటలో కాలు పెట్టినట్టు.

జై భీమ్. నమో బుద్ధాయ.